నొప్పి పంటిదా, దవడదా? ముందు మూడు వేళ్లు పెట్టి చూడండి

తెల్లవారుజామున నాలుగున్నరకు, హైదరాబాద్‌లోని ఒక వార్డులో పారిశుద్ధ్య కార్మికులు హాజరు వేయించుకునే చోట ఆమెను కలిశాం. ఇరవై ఏళ్లుగా రోడ్లు ఊడుస్తున్న మాదిగ స్త్రీ. మేము అడిగింది దుమ్ము గురించి, దగ్గు గురించి. ఆమె చెప్పింది దవడ గురించి. "రెండు పండ్లు పీకేసిన్రు బిడ్డా. నొప్పి మాత్రం ఏడికీ పోలే" అంది. కుడివైపు కింది దంతం ముందు పీకించుకుంది. నెల తిరక్కుండానే దాని పక్కది. రెండుసార్లూ ఇంటి దగ్గరి ప్రైవేటు క్లినిక్‌లోనే. రూట్ కెనాల్ అయితే వేలల్లో అవుతుంది, పీకేస్తే వందల్లో పోతుంది అన్నారు. ఆమె వందల్లో పోయేది ఎంచుకుంది. ఎక్స్‌రే తీయలేదు. మూడోది కూడా పీకాలన్నప్పుడు మాత్రం ఆమెకు అనుమానం వచ్చింది.

తర్వాత ఆమె అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ ఒక పీజీ డాక్టరమ్మ పళ్లన్నీ ఒక్కొక్కటే తట్టి చూసి, ఆ తర్వాత బుగ్గ మీద, చెవికి కాస్త ముందు, రెండు వేళ్లతో గట్టిగా నొక్కింది. కుర్చీలోంచి లేచినంత పనైందట. "గదే నొప్పి, గదే." నొప్పి పంటిది కాదు, నమిలే కండరానిది.

మేము డాక్టర్లం కాదు. పారిశుద్ధ్య కార్మికుల ఆరోగ్యం మీద పిహెచ్‌డి చేస్తున్నాం. ఆమె చెప్పింది విన్నాక అదే వార్డులో మిగతావాళ్లను అడిగాం, దంత వైద్యులను అడిగాం, దొరికినంత చదివాం. తెలిసిందేమిటంటే, ఈ నొప్పిలో ఎక్కువ భాగం ఇంట్లోనే తగ్గేది, పైసా ఖర్చు లేనిది. కొద్ది భాగం మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడనిది. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ముందుగా కావలసింది స్కానింగ్ కాదు, చేతి వేళ్లు.

పంటి నొప్పిలా ఎందుకుంటుంది?

అరచేతులు రెండూ బుగ్గల మీద, దవడ మూలకు కొంచెం పైన ఆనించి పళ్లు గట్టిగా కొరకండి. చేతి కింద ఉబ్బి రాయిలా అయ్యేదే నమిలే కండరం. డాక్టర్లు దాన్ని మాసెటర్ అంటారు. చెంప ఎముక దగ్గర మొదలై కింది దవడ మూల దాకా దిగుతుంది. కణతల మీద వేళ్లు పెట్టి కొరికితే అక్కడా ఒకటి కదులుతుంది. అది టెంపొరాలిస్, తల పక్కన విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. దవడ లోపలి వైపున ఇంకో రెండు కండరాలున్నాయి, అవి బయటి నుంచి సరిగా చేతికి అందవు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదిలేది దవడ కీలు.

పళ్లకూ ఈ కండరాలకూ కీలుకూ నొప్పి కబురు మోసేది ప్రధానంగా ఒకే నరం, ట్రైజెమినల్ నరం. ఒకే తోవన వచ్చిన కబురు ఏ ఇంటి నుంచి వచ్చిందో మెదడు ఒక్కోసారి పొరబడుతుంది. అందుకే మాసెటర్‌లో పుట్టిన నొప్పి వెనక దంతాల్లో ఉన్నట్టు, చెవి లోపల ఉన్నట్టు తెలుస్తుంది. టెంపొరాలిస్ నొప్పి తలనొప్పిలా, పైపళ్ల నొప్పిలా తెలుస్తుంది. చెవిపోటు అనుకుని చెవిలో చుక్కలు వేసుకున్నవాళ్లను మేమే ముగ్గురు నలుగురిని చూశాం.

పంటి నొప్పికి కొన్ని గుర్తులుంటాయి. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుంది, వేడి టీ తాగితే నొప్పి లేచి చాలాసేపు పోదు, ఒకే పన్ను మీద తడితే నొప్పి పుడుతుంది, చిగురు ఉబ్బుతుంది, రాత్రి ఉన్నట్టుండి పోటెత్తి నిద్ర లేపుతుంది. కండరం నొప్పి వేరు. ఏ పన్నో చూపించమంటే వేలితో చూపించలేరు, అరచేయి మొత్తం బుగ్గ మీద పెట్టి "ఇక్కడంతా" అంటారు. నమిలినా, ఆవలించినా, ఎక్కువసేపు మాట్లాడినా పెరుగుతుంది. బుగ్గనో కణతనో నొక్కితే మీకు తెలిసిన ఆ నొప్పే మళ్లీ లేస్తుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు, కాబట్టి ఈ తేడాలు తెలిశాయని పుచ్చిన పన్నును వదిలేయకండి. కానీ ఏ పన్నో తేల్చకుండా, ఎక్స్‌రే తీయకుండా పీకుతామంటే ఆగమని చెప్పే హక్కు మీకుంది. పీకిన పన్ను మళ్లీ రాదు.

దవడ కీలు టక్ టక్‌మని చప్పుడు చేస్తుందని కొందరు భయపడతారు. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే ఒట్టి చప్పుడుకు వైద్యం అక్కర్లేదు.

పంటి బిగువున

తెలుగులో ఈ మాట ఊరికే పుట్టలేదు. చెత్త డబ్బా ఎత్తి ఆటోలోకి గుమ్మరించేటప్పుడు, సిమెంటు బస్తా వీపు మీద వేసుకున్నప్పుడు, మేస్త్రీ తిట్టే తిట్టుకు జవాబు చెప్పలేక మింగినప్పుడు మనిషి పళ్లు బిగబడతాడు. ఊరికే ఉన్నప్పుడు పైపళ్లూ కిందిపళ్లూ తగలకుండా ఉండాలి. పెదాలు మూసి, పళ్ల మధ్య సందు వదిలి ఉండటమే దవడకు విశ్రాంతి. చాలామందికి ఆ సంగతే తెలియదు, మాకూ తెలియదు. నెలల తరబడి ఫెలోషిప్ డబ్బులు రాని ఒక ఏడాది, థీసిస్ అధ్యాయం రాస్తూ రాత్రిళ్లు కూర్చున్నప్పుడు, పొద్దున లేచేసరికి దవడలు బిగుసుకుని ఇడ్లీ నమలడం కూడా కష్టమయ్యేది. హాస్టల్ గదిలో పక్క మంచం మీద పడుకునే మిత్రుడు చెప్పేదాకా నిద్రలో పళ్లు కొరుకుతున్నామని మాకే తెలియదు.

పొద్దున లేచినప్పుడు నొప్పి ఎక్కువగా ఉంటే రాత్రి పళ్లు కొరుకుతున్నారేమో చూడాలి. సాయంత్రానికి ఎక్కువైతే పగలు పని చేస్తూ బిగబడుతున్నారేమో గమనించాలి. మానసిక ఒత్తిడికి కొన్ని మందులు మొదలుపెట్టాక కూడా పళ్లు కొరకడం ఎక్కువవుతుంది. అలా అయితే మందు మానేయకుండా రాసిన డాక్టరుకే చెప్పాలి.

"అంతా టెన్షన్ వల్లే, టెన్షన్ తగ్గించుకో" అనే మాట మన వాళ్లకు తరచూ వినిపిస్తుంది. మూడు నెలలుగా జీతం పడని కాంట్రాక్టు కార్మికురాలికి ఆ మాట చెప్పడం మందు చీటీ కాదు. ఒత్తిడి కండరాన్ని బిగిస్తుందన్నది నిజం. కానీ ఒత్తిడి వల్ల వచ్చిన నొప్పి కూడా నొప్పే, కండరంలో వేలితో నొక్కి పట్టుకోగలిగే నొప్పి. దానికి చికిత్స ఉంది.

ఇంట్లో ఏం చేయొచ్చు?

వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలును పదిహేను, ఇరవై నిమిషాలు బుగ్గకు కాపడం పెట్టండి, రోజుకు రెండు మూడుసార్లు. చర్మం కాలే వేడి వద్దు. తర్వాత రెండు వేళ్లతో బుగ్గ కండరం మీద మెల్లగా గుండ్రంగా రాయండి. పగలు గంటకోసారి మిమ్మల్ని మీరే అడగండి: పళ్లు తగిలి ఉన్నాయా? ఉంటే వదిలేయండి. ఒక కార్మికురాలు చీపురు కర్రకు ఎర్ర దారం కట్టుకుంది, అది కనబడినప్పుడల్లా దవడ వదలాలని గుర్తు. మాకు చాలా నచ్చిన ఉపాయం అది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి నోరు మరీ తెరుచుకోకుండా చూసుకోండి. చూయింగ్ గమ్ మానేయండి. ఒక పక్కే నమిలే అలవాటుంటే మార్చుకోండి.

తిండి విషయంలో మెత్తటివి తినమంటారు. చాలామంది దీన్ని గంజి తాగి పడుకోమన్నట్టు అర్థం చేసుకుని మాంసం మానేస్తారు. రక్తహీనతతో ఉన్న మన ఆడవాళ్లు మాంసం మానేయడం తెలివైన పని కాదు. పెద్దకూర తినండి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించి చిన్న ముక్కలు చేసుకుని తినండి. ఎండు తునకలు, బొక్కలు కొరకడం, చెరుకు, కాల్చిన మక్క కంకి మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి.

నొప్పి భరించలేనిదిగా ఉంటే రెండు మూడు రోజులు పారాసిటమాల్ వేసుకోవచ్చు. రోజూ తాగే అలవాటున్నవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు అడిగి వేసుకోవాలి. మెడికల్ షాపులో చేతికిచ్చే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వారాల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ ఉన్నవాళ్లకు, గర్భిణులకు మరీ ప్రమాదం. ఆర్ఎంపీ దగ్గర నడుముకు పొడిపించుకునే సూది కూడా ఒక్క పూట నొప్పిని కప్పుతుంది, అంతే.

ఇలా చేస్తే కొత్తగా వచ్చిన కండరం నొప్పి చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే, తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టరుకు చూపించాలి. ఆ లోపే పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి.

మూడు వేళ్ల కొలత

చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు దగ్గరగా చేర్చండి. నోరు తెరిచి, ఆ మూడింటినీ ఒకదాని కింద ఒకటి వచ్చేలా నిలువుగా ముందుపళ్ల మధ్య పెట్టండి. ఎవరి నోటికి వాళ్ల వేళ్లే కొలత. మూడూ పడితే నోరు మామూలుగా తెరుచుకుంటున్నట్టే. పెద్దవాళ్లలో అది సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. రెండే పడితే నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకోవాలి. ఒక్క వేలే పడితే ఆ వారంలోనే వెళ్లాలి.

ఆ వార్డులో ఒక పొద్దున హాజరు అయ్యాక పదిహేను మందిమి నిలబడి నవ్వుకుంటూ ఈ కొలత చూసుకున్నాం. ముప్పై దాటిన ఒక తమ్ముడి నోట్లో రెండు వేళ్లు కూడా పట్టలేదు. నవ్వు ఆగిపోయింది. అతను ఏడాదిగా "నరం పట్టింది" అనుకుంటున్నాడు. కారం తింటే నోరంతా మండుతుంది కాబట్టి పెరుగన్నానికి మారాడు. పానీపూరి నోట్లో పట్టడం లేదని బండి దగ్గరికే వెళ్లడం మానేశాడు. అతనిది కండరం నొప్పి కాదు. పదేళ్లుగా పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా బుగ్గన పెట్టిన గుట్కా.

ఈ జబ్బును సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. బుగ్గ లోపలి మెత్తటి పొర కింద నారలాంటి కణజాలం పేరుకుని, పొర తెల్లబారి, తోలులా గట్టిపడి, నిలువు పట్టీలుగా చేతికి తగులుతుంది. నోరు ఏడాదికేడాది మూసుకుపోతూ వస్తుంది. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించింది కెన్యాలో ఉంటున్న భారతీయ స్త్రీలలో. మరుసటి ఏడాది బొంబాయిలో జోషి అనే వైద్యుడు ఇక్కడి రోగుల్లో చూసి రాశారు. దీనికి మూలం పొగాకు కన్నా ముందు వక్క. ఈ మాట మన వాడల్లో ఇంకా చేరలేదు. "నేను జర్దా వేసుకోను, ఉత్త పాన్‌మసాలే" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలపని వక్కను కూడా మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో 2004లోనే చేర్చింది.

చట్టం ఏం చెబుతుందంటే, 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు, నికోటిన్ కలపకూడదు. దాంతో పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా పక్కపక్కనే వేలాడదీసి అమ్ముతున్నారు. నోట్లో రెండూ కలుస్తాయి.

కార్మికుడు ఎందుకు నములుతాడో అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. వాసన. కుళ్లిన మాంసం, చచ్చిన కుక్క, డ్రైనేజీ సిల్టు, డయాపర్లు. నోట్లో ఆ ఘాటు లేకపోతే కడుపులో తిప్పుతుంది. నాలుగింటికి లేచి ఏమీ తినకుండా వచ్చినవాడికి ఆకలి కూడా ఆగుతుంది. 2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు యూనిఫాం, గ్లవ్స్, బూట్లు, రెయిన్‌కోటు, మాస్కు ఇవ్వాలని చెప్పాయి. మేము కలిసిన చోట మాస్కు అంటే మెడలో తువ్వాలే. కాబట్టి "వాళ్లకు గుట్కా వ్యసనం" అని తేల్చేసే వైద్య శిబిరాల మీద మాకు కోపం ఉంది. అయినా ఈ తమ్ముడికి చెప్పింది ఒకటే: కాంట్రాక్టరు మాస్కు ఇచ్చేదాకా ఆగితే నోరు ఆగదు.

పేరుకున్న నార పూర్తిగా వెనక్కి పోదు. కానీ వక్క మానేస్తే జబ్బు ముందుకు పోవడం నెమ్మదిస్తుంది, మంట తగ్గుతుంది. నోరు తెరిచే వ్యాయామం, బుగ్గలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, ముదిరితే ఆపరేషన్ ఉన్నాయి. అసలు భయం వేరే ఉంది. ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి అదే చోట క్యాన్సర్ వస్తుంది. రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, మెడలో గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను కనబడితే ఇంక కాపడాలు పెట్టుకుంటూ కూర్చోవద్దు. ముక్క పరీక్ష చేయించాలి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జె ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఆ రోజే వెళ్లాల్సినవి

కాలికో చేతికో గాయమైన కొన్నాళ్లకు, మామూలుగా మూడు రోజుల నుంచి మూడు వారాల మధ్య, దవడలు బిగుసుకుని నోరు తెరుచుకోకపోవడం ధనుర్వాతానికి మొదటి గుర్తు కావొచ్చు. తర్వాత మెడ, వీపు విల్లులా వంగిపోతాయి, ఊపిరి ఆడదు. చెత్తలో గాజు పెంకులు, సూదులు, తుప్పు రేకులతో రోజూ చేతులు కోసుకునే వాళ్లకు ఇది పుస్తకంలో జబ్బు కాదు. మన ఆడవాళ్లకు కనీసం గర్భంతో ఉన్నప్పుడు టీటీ వేస్తారు. బడి దాటిన మగవాళ్లకు మళ్లీ ఎవరూ వేయరు. టీటీ అని మనం పిలిచే సూదికి బదులు ఇప్పుడు టీడీ ఇస్తున్నారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. మురికి అంటిన గాయమైతే, చివరి డోసు పడి అయిదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ సంగతే డాక్టరుకు చెప్పండి. దవడ బిగుసుకున్నాక మాత్రం పీహెచ్‌సీ సరిపోదు. జిల్లా ఆసుపత్రికి, హైదరాబాద్ వాళ్లైతే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు ఎత్తినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడలో నొప్పి లేచి, కూర్చుంటే తగ్గుతుంటే అది గుండె నుంచి వచ్చే కబురు కావొచ్చు. దానికి చెమటలు, ఆయాసం, వాంతి, ఎడమ చేయి లాగడం తోడైతే 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్లలో ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండానే ఇలా వస్తుంది. "గ్యాస్" అనుకుని సోడా తాగి పడుకోవద్దు.

పుచ్చిపోయిన పంటి చీము గడ్డం కిందికి, మెడలోకి దిగితే దవడ బిగుస్తుంది, జ్వరం వస్తుంది, గొంతు కింద గట్టిగా ఉబ్బుతుంది, ఉమ్ము మింగలేరు. అది ఊపిరి గొట్టాన్ని మూసేయగలదు. రాత్రి పన్నెండయినా క్యాజువాలిటీకి వెళ్లాలి. ఆవలించాక నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయి మూతపడకపోతే కీలు తప్పినట్టు. బలవంతంగా మూయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చేత్తోనే సరిచేస్తారు. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణతల్లో తలనొప్పి మొదలై, నాలుగు ముద్దలు నమలగానే దవడ నొప్పెట్టి, చూపు మసకబారితే అది రక్తనాళం జబ్బు కావొచ్చు. అరుదే గానీ, ఆలస్యమైతే చూపు పోతుంది.

కొట్టినందువల్ల వచ్చిన నొప్పి

ఈ సంగతి ఆరోగ్య శీర్షికల్లో మాకు ఎక్కడా కనబడలేదు. మన వాడల్లో దవడ నొప్పికి చెంపదెబ్బ, పిడికిలి, కర్ర కూడా కారణాలే. భూమి తగాదాలో, పెళ్లి ఊరేగింపు దగ్గర, కూలి అడిగినప్పుడు, ఇంట్లో మొగుడి చేతిలో కూడా. చాలాసార్లు ఆసుపత్రిలో బయటికి కనిపించే రక్తం తుడిచి "స్వల్ప గాయం" అని రాసి పంపేస్తారు. దవడ ఎముక విరిగినా బుగ్గ మీద చర్మం చెక్కు చెదరకపోవచ్చు.

దెబ్బ తర్వాత పళ్లు మునుపటిలా కలవకపోతే, కింది పెదవి గానీ గడ్డం గానీ తిమ్మిరెక్కితే, నాలుక కింద రక్తం కమిలితే, పన్ను విరిగినా ఊగినా ఎక్స్‌రే అడగండి. దవడ మొత్తం ఒకే ఫిల్మ్‌లో కనిపించే ఓపీజీ అనే ఎక్స్‌రే ఉంటుంది. ఆ ఆసుపత్రిలో లేకపోతే దంత వైద్య కళాశాలకు రాసి పంపమనండి. ఇది వైద్యానికే కాదు, కేసుకూ ముఖ్యం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరగడమే కాదు, పన్ను విరగడం, కీలు తప్పడం కూడా తీవ్ర గాయమే. పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. దీనికి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టినా గాయం ఎంతటిదో చెప్పేది ఆసుపత్రి కాగితమే. కాబట్టి పోలీసులు ఇంకా రాకపోయినా ఎంఎల్‌సీ నమోదు చేయమని అడగండి, నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లి ఆ తేదీన కూడా చీటీ రాయించుకోండి. కోర్టులో పదిహేను రోజులు అనేది నోటిమాటగా నిలబడదు.

ఎక్కడికి వెళ్లాలి, ఏమడగాలి

బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో దంత వైద్యులు ఉండకపోవచ్చు, ఏరియా ఆసుపత్రిలో అడగొచ్చు. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో ఈ నొప్పి చూసే విభాగాలున్నాయి. కాంట్రాక్టు కార్మికులు జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కోత పడుతోందో లేదో చూసుకోండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి కోత పడుతుంటే ఈఎస్ఐ ఆసుపత్రి మీది కూడా. డబ్బు కట్ అవుతూ కార్డు చేతికి రానివాళ్లు మాకు చాలామంది తగిలారు. వాళ్లు కాంట్రాక్టరును ఈఎస్ఐ నంబరు అడిగి తీసుకోవాలి.

ఈ నొప్పి విషయంలో ఒక మంచి సంగతి ఉంది. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకం దీర్ఘకాలిక దవడ నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవి దవడ వ్యాయామాలు, చేత్తో చేసే కండరాల చికిత్స, ఒత్తిడిని ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ లాంటివి. గట్టిగా వద్దన్నవాటిలో పళ్ల అమరికను శాశ్వతంగా మార్చేసే పరికరాలు, కీలులోని మెత్తటి బిళ్ల తీసేసే ఆపరేషన్ ఉన్నాయి. రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ పళ్లు అరగకుండా కాపాడవచ్చు, నొప్పి తగ్గుతుందన్న హామీ లేదు. అంటే ఎక్కువ పనిచేసేది ఖరీదైనది కాదు. కానీ దానికి డాక్టరు సమయం కావాలి, చేయి కావాలి.

చేయి దగ్గరే మన సమస్య. 2006లో వచ్చిన 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చూసింది. మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు వెళ్లడం లేదని రాసింది. నగరంలో ఆసుపత్రి తలుపు మూయరు. బల్లకు అవతలి నుంచే నోరు తెరవమని, టార్చి వేసి, చీటీ రాసి, తర్వాతి పేరు పిలుస్తారు. అందరి విషయంలో అది కులమేనని మేము అనం. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు. కానీ చెత్త యూనిఫాంతో వచ్చిన మనిషి బుగ్గ నొక్కి చూడకపోతే ఆ మనిషికి పన్ను పోతుంది, లేదా క్యాన్సర్ ముదురుతుంది.

అందుకే మేము కలిసిన వాళ్లందరికీ రెండు వాక్యాలు చెప్పి పంపుతున్నాం. "సార్, ఇక్కడ నొక్కి చూడండి." "నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచి చీటీ మీద మిల్లీమీటర్లలో రాయండి." ఆ అంకె ఒకటి కాగితం మీద పడితే మూడు నెలల తర్వాత వేరే డాక్టరు కూడా నోరు మూసుకుపోతోందో తెరుచుకుంటోందో చెప్పగలడు.

ఊడ్చే అక్కకు మూడో పన్ను నిలిచింది. కాపడం, వ్యాయామం చేస్తోంది, పూర్తిగా పోలేదు గానీ నమలగలుగుతున్నానంటోంది. ఆ తమ్ముడి మొదటి చీటీ మీద 22 అని ఉంది. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టి, వారాల తరబడి ఒక్కో పుల్ల పెంచే వ్యాయామం చెప్పారతనికి. పదకొండు పుల్లలతో మొదలుపెట్టాడు. మధ్యలో ఒకసారి గుట్కా మళ్లీ మొదలెట్టి, మళ్లీ మానేశాడు. పోయిన వారం హాజరు దగ్గర జేబులోంచి కట్ట తీసి చూపించాడు. పదమూడు ఉన్నాయి.